వేములమెట్టలో దృశ్య పారిశుధ్యం

రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటికీ ఫోటోలు చూసి పరిశుభ్రతలో ర్యాంకులు ఇచ్చిన ఏడాది మా వేములమెట్టకు చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. చివరి స్థానం వచ్చిన ఊరు అసలు ఫోటోలే పంపలేదట. అంటే ఫోటోలు పంపిన ఊళ్ళలో మేమే చివర.

ఈ సంగతి తెలిసిన రోజున మా కమిషనరు ముక్కామల భాస్కరానందం గారు మధ్యాహ్నం భోజనం చేయలేదు. ఆయన మంచి మనిషి. లంచం పుచ్చుకోరు, ఎవరినీ కసరరు, సంతకం పెట్టే ముందు కలాన్ని కళ్ళకద్దుకుంటారు. ఊరు శుభ్రంగా ఉండాలని ఆయనకు నిజంగానే కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియదు.

ఆ సాయంత్రమే సుందరి స్టూడియో గవర్రాజు కమిషనరు గారి అమ్మాయి నిశ్చితార్థం ఆల్బమ్ తెచ్చి ఇచ్చాడు. బంగళా గేటు దగ్గర అమ్మాయి నిలబడి నవ్వుతున్న ఫోటో చూసి కమిషనరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమయ్యా గవర్రాజూ, ఇది మా ఇంటి గేటే కదా?"

"మీ గేటేనండి."

"మరి గేటు పక్కన చెత్తకుప్ప ఉండాలే. ఎవరెత్తారు?"

"ఎవరూ ఎత్తలేదండి. అమ్మాయి గారి భుజం వెనకాల పచ్చగా, బంగారం రంగులో మెరుస్తోంది చూడండి, అదేనండి కుప్ప. ఆ గుండ్రటి వెలుగులు పాల ప్యాకెట్లండి. ఎండ పడి అలా వచ్చేయి."

కమిషనరు గారు ఆల్బమ్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూశారు. నిజంగానే ఆ కుప్ప ఏ ఉదయగిరి శిఖరం మీదో మంచు విడిపోతున్నట్టుగా ఉంది.

"ఇదెలా సాధ్యమయ్యా?"

ఆ ప్రశ్న అడిగేవాళ్ళ కోసమే గవర్రాజు పుట్టాడు. పెళ్ళివారెవరూ అడగరు. "సెల్‌ఫోన్లో సెన్సారు చిటికెన వేలి గోరంత ఉంటాదండి. వెలుగు పడి బొమ్మ తయారయ్యేది దాని మీదేనండి. అది చిన్నదైతే దగ్గరున్నదీ దూరంగా ఉన్నదీ అన్నీ స్పష్టంగా పడిపోతాయండి. మా కెమెరాది ఫుల్ ఫ్రేమండి. పెద్ద తపాలా బిళ్ళంత సెన్సారు. మనిషి మొహం మీద గురి పెడితే వెనకాలదంతా కరిగిపోద్దండి. అయితే లెన్సు బాగా తెరిచి ఉండాలండి, మనిషి దగ్గరగా ఉండాలండి, వెనకాలది దూరంగా..."

లెన్సు దగ్గరికి వచ్చేసరికే కమిషనరు గారు వినడం మానేశారు. మామూలు మనుషులు విషయం పూర్తయ్యేదాకా వింటారు. అధికారులు ఒక ఉత్తర్వుకు సరిపడా వింటారు.

"అంటే మనం పంపిన ఫోటోలు ఫోన్లతో తీసినవి కాబట్టి..." అని ఆయన లేచి నిలబడ్డారు. "గవర్రాజూ, లోపం ఊళ్ళో లేదయ్యా. సెన్సారులో ఉంది!"

ఆ రాత్రి ఆయన భోజనం చేశారు.

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో చెత్త ట్రాక్టరు మరమ్మతు వాయిదా పడి, ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనుగోలు ఆమోదం పొందింది. ఒక సభ్యుడు లేచి, కెమెరాతో చెత్త ఎలా ఎత్తుతారని అడిగాడు. దానికి కమిషనరు గారు రాసుకొచ్చిన ప్రసంగం చదివారు. "చెత్త రెండు విధములు. ఒకటి భౌతికము, రెండవది దృశ్యము. భౌతిక వ్యర్థమును ఎంత తొలగించినను మరునాటికి పునరుద్భవించును. దృశ్య వ్యర్థము ఒక్కసారి తొలగిన యెడల శాశ్వతముగా తొలగును. కావున పరిమిత వనరులను శాశ్వత ఫలితములకే వినియోగించుట వివేకము." అడిగిన సభ్యుడు కూర్చుని, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

గవర్రాజుకు 'దృశ్య పారిశుధ్య సలహాదారు' అని పదవి వచ్చింది. ఒక కోటు కుట్టించుకున్నాడు. పొద్దున్నే మునిసిపల్ జీపు ఎక్కి వార్డులు తిరిగేవాడు. ప్రతి వార్డులో ఒక పారిశుధ్య కార్మికురాలికి కొత్త చీపురు ఇచ్చి కెమెరాకు దగ్గరగా నిలబెట్టేవారు. ఊడిస్తే చీపురు పాడైపోతుందని ఊడవనిచ్చేవారు కాదు. ఆమె చిరునవ్వు, చీపురు పుల్లలు అద్దంలో చూసినట్టు పడేవి. వెనకాల బురద, పందులు, కొబ్బరి బొండాలు అన్నీ కలిసి వసంత ఋతువులా ఉండేవి.

తర్వాతి విడతలో మా ఊరికి ఎవరూ ఊహించని ర్యాంకు వచ్చింది. పక్క ఊళ్ళ కమిషనర్లు చూసి నేర్చుకోవడానికి వచ్చి, ముక్కుకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, గోడకు వేలాడదీసిన మా ఫోటోలు చూసి వెళ్ళారు.

ఇంతవరకూ ఎవరికీ కష్టం లేదు. వరహాలమ్మకే వచ్చింది.

వరహాలమ్మది కుమ్మరి వీధి మొదట్లో పెసరట్ల దుకాణం. దుకాణం ముందే మురుగు కాలవ. ఒక ఇసుక లారీ ఎక్కి కాలవ మీది మూత విరిగి లోపల పడింది. దానికి బురద అడ్డుకుని నల్లటి నీళ్ళు వీధిలోకి పొంగసాగాయి. ఆమె పెసరట్టంటే ఊళ్ళో కోర్టు గుమస్తాల దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ల దాకా పడి చచ్చేవాళ్ళు. ఇప్పుడు వచ్చినవాళ్ళకు ప్లేటు పట్టుకోవడానికి ఒక చెయ్యి, ముక్కు మూసుకోవడానికి ఒక చెయ్యి పోగా తినడానికి చెయ్యి మిగల్లేదు. ఒక్కొక్కరే రావడం మానేశారు. పిండి రోజూ మిగిలి పులిసిపోతోంది.

ఆమె కాలవను ఫోన్లో ఫోటో తీసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు సుదర్శనం ఆ ఫోటోను తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది చెల్లదు."

"ఏం బాబూ? బాగా రాలేదా?"

"మరీ బాగా వచ్చింది. చిన్న సెన్సారు ఫోటో ఇది. ఇందులో అన్నీ కనపడిపోతున్నాయి."

"కనపడాలనే కదా తీసేను!"

సుదర్శనం జాలిగా చూసి, గోడకు అంటించిన ఉత్తర్వు చదివి వినిపించాడు. "చిన్న సెన్సారు పరికరములు తమ సహజ అల్పత్వము చేత ముఖ్యమైనదానిని, అముఖ్యమైనదానిని సమానముగా స్పష్టపరచి, వాస్తవమును వక్రీకరించుచున్నవి. ఇకపై ఫుల్ ఫ్రేమ్ లేదా అంతకు మించిన సెన్సారుతో తీసిన ఫోటోలు జతచేసిన ఫిర్యాదులే స్వీకరింపబడును."

వరహాలమ్మకు అర్థమైనదల్లా గవర్రాజు దగ్గరకు వెళ్ళాలని. రక్త సంబంధం లేకపోయినా అతను చిన్నప్పట్నుంచీ ఆమెను అత్తా అనే పిలుస్తాడు. ఆమె అట్టు తినకుండా అతను ఏ పెళ్ళికీ బయల్దేరలేదు.

గవర్రాజు కోటు విప్పి పక్కన పెట్టి, కాలవ మీదకు వంగి, శ్రద్ధగా ఫోటో తీశాడు. పెద్ద సెన్సారు కదా, గురి కాలవ మీదే పెట్టేసరికి బురద మీది బుడగతో సహా, బుడగలో కనిపించే కరెంటు స్తంభంతో సహా పడింది. వరహాలమ్మ సంతోషించి, ఆ ఫోటో పట్టుకుని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది.

సుదర్శనం ఆ ఫోటో చూసి హడలిపోయి కమిషనరు గారి గదిలోకి పరిగెత్తాడు. కాసేపటికి ఉత్తర్వుకు ఒక సవరణతో తిరిగి వచ్చాడు. "ఫిర్యాదు పౌరునిది. కావున ఫోటోలో ప్రధానాంశము పౌరుడే కావలెను. పౌరుని ముఖము కెమెరాకు ఆరడుగుల లోపల, పూర్తి స్పష్టతతో, లెన్సు పూర్తిగా తెరచి తీయవలెను. సమస్య వెనుక ఉండవచ్చును."

వరహాలమ్మ ఇంటికెళ్ళి చీర మార్చుకుంది. దుకాణం ముందు నిలబడింది. గవర్రాజు నిబంధన ప్రకారం తీశాడు. ఆమె ఫోటో చూసుకుంది. ఆమె పెళ్ళి ఫోటోలో కూడా అంత కళగా లేదు. ముక్కుపుడక తళుక్కుమంటోంది. వెనకాల మురుగు నీటి మీద పడ్డ ఎండంతా ముత్యాల్లా, గుండ్రంగా, ఆమె తల చుట్టూ దేవతకు కట్టిన తోరణంలా వేలాడుతోంది.

"కాలవేదిరా?" అంది.

"ఆ ముత్యాలేనత్తా," అన్నాడు గవర్రాజు నేల చూపులు చూస్తూ.

ఫిర్యాదు మీద జవాబు వెంటనే వచ్చింది. 'ఫోటోను సవివరముగా పరిశీలించడమైనది. మురుగు కానరాలేదు. ఫిర్యాదు పరిష్కరించడమైనది.' అంతటితో ఊరుకున్నా బాగుండేది. కమిషనరు గారికి ఆ ఫోటో ఎంత నచ్చిందంటే, దాన్ని పెద్దది చేయించి బస్టాండు ఎదుట పెట్టించారు. కింద 'నా వీధి, నా వైభవం' అని రాయించారు.

ఆ మర్నాడు గవర్రాజు అలవాటుగా అట్టు కోసం వెళితే పెనం బోర్లించి ఉంది.

"మొహం బానే తీసేవురా," అంది వరహాలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. కోపమైతే అతను తట్టుకునేవాడే. "బస్టాండులో అందరూ చూసి మెచ్చుకుంటన్నారంట. మొహం చూసి అట్టు తింటారేంట్రా ఎవరన్నా? ఈ నెల చూసి కొట్టు ఎత్తేత్తాను. మా తమ్ముడు వాళ్ళ ఊరు రమ్మంటన్నాడు."

గవర్రాజు నేరుగా కమిషనరు గారి దగ్గరకు వెళ్ళాడు, కాలవ సంగతి చెప్పేయాలని. ఆయన అప్పటికే ఉత్సాహంలో ఉన్నారు.

"రావయ్యా, నీ కోసమే చూస్తున్నా. ఇంతకంటే పెద్ద సెన్సారు ఉందా?"

"మీడియం ఫార్మాటని ఉందండి. అగ్గిపెట్టెంత ఉంటాది. కానీ అయ్యగారూ, కుమ్మరి వీధి కాలవ..."

"తెప్పించు. ఇకపై దుర్వాసన తీవ్రతను బట్టి సెన్సారు కేటాయిద్దాం. మామూలు కంపుకు ఫుల్ ఫ్రేమ్. చేపల మార్కెట్టుకు మీడియం. మరి డంపింగ్ యార్డుకో? గదంత సెన్సారు దొరుకుతుందా?"

"నక్షత్రాలు చూసే వాళ్ళ దగ్గర పెద్దవి ఉంటాయేమోనండి."

"ఒక కొటేషన్ అడుగు."

గవర్రాజు కాలవ సంగతి చెప్పకుండానే బయటికి వచ్చాడు. మెట్లు దిగుతుంటే కోటు బిగుతుగా అనిపించింది.

కీర్తికి ఉన్న చిక్కేమిటంటే, అది చూడటానికి మనుషులను రప్పిస్తుంది. మా ఫోటోలకు ముచ్చటపడి, ఊరిని కళ్ళారా చూస్తానని రాజధాని నుంచి రాష్ట్ర పరిశీలకుడు బయల్దేరాడు. కమిషనరు గారు గవర్రాజును పిలిపించారు.

"కంటితో చూస్తే వెనకాలది కరగదా?"

గవర్రాజు అబద్ధం చెప్పలేదు. "దగ్గరున్నదాన్ని తదేకంగా చూస్తే వెనకాలది కాస్త మసకగానే ఉంటాదండి."

"అయితే ఇబ్బంది లేదు," అన్నారు కమిషనరు గారు. "ఆయన నన్నే చూస్తారు."

పరిశీలకుడు పొట్టిగా, మర్యాదగా ఉండే మనిషి. జీపు దిగిన దగ్గర్నుంచీ కమిషనరు గారు ఆయనకు ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ, వెనక్కి నడవడం మొదలుపెట్టారు. ఆయన ఎడమకు చూస్తే ఈయన ఎడమకు జరిగారు. కుడికి చూస్తే కుడికి జరిగారు. నోరు ఆపకుండా గణాంకాలు చెప్పారు. పక్కన సుదర్శనం అగరుబత్తులు పట్టుకుని నడిచాడు. గవర్రాజు కెమెరాతో వెంట నడిచాడు. కమిషనరు గారి ముఖం ఎటు పోతే కెమెరా అటు పోవాలని అతనికి ఆదేశం.

అలా మార్కెట్టు దాటారు, బస్టాండు దాటారు, కుమ్మరి వీధి మలుపు తిరిగారు.

"అయ్యగారూ, కాలవ!" అని వరహాలమ్మ దుకాణంలోంచి కేకపెట్టింది.

"మా పౌరులు ఎంత చైతన్యవంతులో చూడండి," అంటూ కమిషనరు గారు ఇంకో అడుగు వెనక్కి వేశారు.

ముఖం కాలవలోకి పోయింది. ఆదేశం ప్రకారం కెమెరా కూడా అటే పోయింది. క్లిక్కుమంది.

నడుం లోతు మురుగులో నిలబడి, కళ్ళజోడు మీంచి కారుతున్న బురదతో కమిషనరు గారు ఒక చెయ్యి పైకెత్తారు. "గవర్రాజూ! తీయకు!"

"తీసేశానండి," అని గవర్రాజు కెమెరాను మెడకు వదిలేసి, కోటుతో సహా బోర్లా పడుకుని చెయ్యి అందించాడు. ఇంకో చెయ్యి వరహాలమ్మ పట్టుకుంది. పరిశీలకుడు సుదర్శనం నడుం పట్టుకున్నాడు, సుదర్శనం గవర్రాజు కాళ్ళు పట్టుకున్నాడు. అందరూ కలిసి ఆయన్ని పైకి లాగారు.

వరహాలమ్మ ఆయన్ని దుకాణం వెనక్కి తీసుకెళ్ళి, పొయ్యి మీద కాగుతున్న నీళ్ళన్నీ పోయించింది. దండెం మీది తువ్వాలు కప్పి, అల్లం టీ చేతిలో పెట్టింది. కమిషనరు గారు టీ గ్లాసు నోటి దాకా తెచ్చి, తన చెయ్యి వాసన తానే చూసి, గ్లాసు దించేశారు.

"ఇంత కంపు కొడుతుందామ్మా ఇది?"

"ఫోటోలోకి రాదు కదా బాబూ."

 ఆయన ఆ చెయ్యి దూరంగా పెట్టుకుని, రెండో చేత్తో టీ తాగారు.

పరిశీలకుడు తన నివేదికలో 'కమిషనరు స్వయముగా క్షేత్రస్థాయికి దిగి సమస్య లోతును కనుగొన్నారు' అని రాశాడట. అందులో వెక్కిరింత ఉందో లేదో మా ఊళ్ళో ఎవరికీ ఇప్పటికీ తేలలేదు.

గవర్రాజు ఆ ఫోటో వేసి వరహాలమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని కొత్త ఫిర్యాదుకు జతచేసింది. సుదర్శనం దాన్ని బల్ల మీద పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాడు. సెన్సారు పెద్దదే. పౌరుని ముఖం ఉంది, ఆరడుగుల లోపలే ఉంది. లెన్సు పూర్తిగా తెరిచే ఉంది. ముఖం ఉన్న చోటే మురుగు కూడా ఉంది కనుక కరగలేదు. కనుబొమ మీది నాచుతో సహా పడింది. 'మురుగు కానరాలేదు' అని రాస్తే కమిషనరు గారు కానరాలేదని రాసినట్టే. చివరికి 'మురుగు స్పష్టముగా కానవచ్చుచున్నది' అని రాసి లోపలికి పంపాడు.

కమిషనరు గారు కలం కళ్ళకద్దుకుని సంతకం పెట్టారు. ట్రాక్టరు బాగుపడింది. కాలవలో విరిగిన మూత తీశారు, బురద ఎత్తారు, కొత్త మూత వేశారు. వరహాలమ్మ పెనం తిరగేసింది. తమ్ముడికి రానని కబురు పెట్టింది.

మూత వేసిన రోజున కమిషనరు గారు రెండు పెసరట్లు తిని, మూత పక్కన నిలబడి ఫోటో తీయమన్నారు. గవర్రాజు తీసి చూపించాడు.

"మూతేదయ్యా?"

"మీ వెనకాల కరిగిపోయిందండి."

"కరిగింది చాలు! ఇన్నాళ్ళకు చూపించడానికి ఒకటి దొరికింది, అదీ కరగాలా?"

లెన్సు కాస్త మూస్తే వెనకాలది కూడా వస్తుందని గవర్రాజు చెప్పబోయాడు. కానీ కమిషనరు గారు అప్పటికే సుదర్శనం ఫోను తీసుకుని తీయించేసుకున్నారు. ఫోటోలో ఆయనా, మూతా, దాని మీది సిమెంటు గీతలూ అన్నీ నిక్కచ్చిగా పడ్డాయి. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఇకపై చిన్న సెన్సారు ఫోటోలే చెల్లుతాయి.

అయితే ఆ ఫోటోలో మూతకు వెనకాల, పక్క వీధి మలుపులో ఉన్న చెత్తకుప్ప కూడా అంతే నిక్కచ్చిగా పడింది. దాన్ని రాజధానికి ఎలా పంపడం? కుప్ప ఎత్తించి మళ్ళీ తీశారు. కుప్ప తీసేసరికి దాని వెనకాల కూలిన ప్రహరీ, దాని పక్కన పాత టైర్లలో దోమల నీళ్ళు కనపడ్డాయి. అవి తీయించి మళ్ళీ తీశారు. వాటి వెనకాల ఇంకోటి. ఇలా ఒక్క మంచి ఫోటో కోసం మా మునిసిపాలిటీ వీధి తర్వాత వీధి ఊడ్చుకుంటూ పోయింది. చీపుర్లు నిజంగానే అరిగాయి.

ఒకరోజు పొద్దున్న సుదర్శనం ఫోను పట్టుకుని సుందరి స్టూడియోకు వచ్చాడు. వెంట వరహాలమ్మ ఉంది, గవర్రాజు కోసం అట్టు పొట్లం తెచ్చింది.

"గవర్రాజు గారూ, నిన్నటి ఫోటోలో చివరాఖర్న ఇది పడిందండి. మీ స్టూడియో వెనక గోడ అవతలిదేనా?"

గవర్రాజు చూశాడు. ఫోటోల అలంకారానికని పెళ్ళి మండపాల నుంచి తెచ్చి వాడి పారేసిన ప్లాస్టిక్ పూలు, విరిగిన థర్మోకోల్ నెమళ్ళు, కుళ్ళిన అరటి గెలలు, ఏళ్ళ తరబడి తనే గోడ మీంచి విసిరినవన్నీ, ఒక్కొక్క రేకుతో సహా కనిపిస్తున్నాయి. అతని చెయ్యి తెలియకుండానే బల్ల మీది పెద్ద కెమెరా మీదికి వెళ్ళింది.

"అది... అంటే... బ్యాక్‌గ్రౌండండి," అన్నాడు.

వరహాలమ్మ పొట్లం బల్ల మీద పెట్టింది.

"నీకు బ్యాక్‌గ్రౌండేరా. ఆ వెనక వీధోళ్ళకి అదే వాకిలి."

గవర్రాజు కెమెరా మీంచి చెయ్యి తీశాడు. కోటు విప్పి మేకుకు తగిలించి, పార ఎక్కడుందో వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళాడు.